పటంలో దొర

ఆ సోమవారం పొద్దున కమలాకర్ పెట్టుకున్న పని ఒక్కటే. ఉప్మా తిని, వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరుకుతుందేమో చూడటం. కరోనా వచ్చాక దేవుళ్లంతా ఆన్‌లైన్‌లో దర్శనమిస్తున్నారు, టెర్మిన్ మాత్రం ఇవ్వడం లేదు. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే అతని చిన్న కంపెనీ, డిసెంబరు తర్వాత రావద్దని మహా మర్యాదగా చెప్పింది. ఉద్యోగాన్ని బట్టి ఇచ్చే ఆ బ్లూ కార్డు వీసా అంటే ఎద్దు మెడలో గంట. ఎద్దు పోయాక గంట ఉంచుకోనివ్వరు. మార్చిలోపు ఇంకో ఉద్యోగం రాకపోతే కూతురి చదువు, అద్దె ఇల్లు అన్నీ వదిలి విమానం ఎక్కాలి. ఆ విమానాలూ సరిగ్గా తిరగడం లేదు.

అప్పుడే చలపతి ఫోన్ చేశాడు. అదే కంపెనీ, అదే మర్యాద అందుకున్నవాడు.

"అన్నా, ఐర్లాండ్‌ల పుట్టిన తాత ఉంటే మనుమలకు ఆ దేశం పాస్‌పోర్టు ఇస్తరంట. వాళ్ల ఇంటోళ్లకు గూడ ఇగ ఈ కార్డుల లొల్లే ఉండది. మనకేడుంటరు గని, ఊకె చెప్తున్న."

కమలాకర్ చేతిలో చెంచా ఆగిపోయింది. తాత ఉన్నాడు! సికింద్రాబాదులో మామగారు రవీంద్రనాథ్ ఇంటి హాల్లో, గంధపు దండ వేసుకుని, సైనికుడి టోపీతో నవ్వుతూ ఉన్నాడు. ఐరిష్ దొర. మామగారి తండ్రి. రెండో ప్రపంచ యుద్ధంలో పోయాడట. మరీ మీసాలు రాని కుర్రాడిలా ఉంటాడు గానీ, దొరల వయసు మనకేం తెలుస్తుంది? భార్య హైమావతి పిల్లి కళ్లకు ఆ పటమే సాక్ష్యమని పెళ్లినాటి నుంచి చెబుతున్నారు. "దొరా లేదు, దోసకాయా లేదు" అని అతను అంతకాలమూ కొట్టిపారేస్తున్నాడు.

"హైమా, మీ తాతగారి వివరాలు కావాలోయ్."

"దోసకాయ వివరాలెందుకండీ?"

"తప్పయిపోయింది. తాతగారే."

"దండం పెట్టి చెప్పండి."

పెట్టాడు.

వీడియో కాల్‌లో మామగారు బోలెడంత దగ్గారు. "పోయినవాళ్లని ఇప్పుడు కదపడం ఎందుకు అల్లుడుగారూ?" అన్నారు. పితృభక్తి అనుకుని కమలాకర్ కళ్లు తుడుచుకున్నాడు. చివరికి పటం తిప్పితే వెనకాల పాట్రిక్ డాయిల్ అనే పేరు, సైన్యం నంబరు కనిపించాయి. వెంటనే లండన్‌లో పాత సైనికుల రికార్డులు వెతికిపెట్టేవాళ్లకు రాశాడు. కరోనా వల్ల ఆలస్యమవుతుందని జవాబు వచ్చింది. చచ్చినవాళ్లు కూడా వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నారన్నమాట.

ఎవరికీ చెప్పొద్దని చలపతికి చెప్పాడు. అంటే సాయంత్రానికి తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపంతటికీ తెలిసింది. ఆన్‌లైన్ దీపావళిలో "వీరుడి మనుమరాలు" అని హైమావతికి సన్మానం చేశారు. శాలువా కెమెరాకు చూపించి, ఎవరిది వాళ్లే కప్పుకోవాలి. కమలాకర్ మైకు అందుకున్నాడు. దసరా నాటికి ఒక ట్యాంకు పేల్చిన తాతగారు దీపావళికి మూడు పేల్చారు. మర్నాడు మెట్ల మీద ఎదురైన జర్మన్ ఇంటి యజమానికీ అదే కథ చెబితే, ఆయన మాస్కు సర్దుకుని, "ఆ ట్యాంకులు ఎవరివో తెలుసుకోవచ్చా?" అని మెల్లగా అడిగాడు.

"జపాన్‌వి! అన్నీ జపాన్‌వే!" అన్నాడు కమలాకర్.

డిసెంబరులో పక్క ఊరు బ్రౌన్‌ష్వైగ్‌లో ఒక చిన్న కంపెనీ ఉద్యోగమిస్తానంది. జీతం కాస్త తక్కువ.

"చేరిపోండి. పాస్‌పోర్టు వచ్చాక మానేద్దురుగాని" అంది హైమావతి.

"కాబోయే యూరోపియన్ ఇంత తక్కువకి చేరితే తాతగారి పరువేం కాను?" అని వద్దని రాసేసి, చలపతికి ఫోన్ చేశాడు. "నువ్వు చేరు తమ్ముడూ. పాపం, నీకు తాత లేడుగా."

"నీ మనసు పెద్దది అన్నా" అన్నాడు చలపతి.

ఫిబ్రవరిలో రికార్డు వచ్చింది. పాట్రిక్ డాయిల్, ఐర్లాండ్‌లో పుట్టాడు. కమలాకర్ ఎగిరి గంతేశాడు. సికింద్రాబాద్ దండులో సైనికులకు రొట్టెలు కాల్చాడు. గంతు కొంచెం తగ్గింది. యుద్ధం అయ్యాక క్షేమంగా ఇంటికెళ్లాడు. గంతు ఆగింది.

హైమావతి కాగితం లాక్కుని చూసింది. "ఏవండీ, ఈయన పుట్టింది ఇరవై ఆరులో. నాన్న పుట్టింది ముప్పై ఎనిమిదిలో."

"అయితే?"

"అప్పటికి తాతగారికి పన్నెండేళ్లు."

"చలిదేశం వాళ్లు తొందరగా ఎదుగుతారేమో హైమా" అన్నాడు కమలాకర్, ఆశ చావక.

ఈసారి వీడియోలో మామగారు దగ్గలేదు.

"మా నాన్నకి ఒక్క ఫొటో కూడా లేదు అల్లుడుగారూ. నా పెళ్లి సంబంధానికి ఇల్లు చూడ్డానికి వస్తున్నారంటే, గోడ బోసిగా ఉందని జుమ్మేరాత్ బజార్లో పాత సామాన్ల మధ్య ఫ్రేము కొన్నాను. ఫ్రేముకే బేరమాడాను, దొర ఊరికే వచ్చాడు. ఆయనెవరని ఆడపెళ్లివారు అడిగితే, వరుడి తండ్రి అనేశాడు మధ్యవర్తి. పిల్ల నాకు నచ్చింది. నోరు మూసుకున్నాను."

"ఇన్నేళ్లా నాన్నా?" అంది హైమావతి.

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదమ్మా. నేను ఒక్కదాంతో సరిపెట్టాను."

హైమావతి శాలువా మడతపెట్టి అలమర అడుగున పడేసింది. కమలాకర్ చలపతికి ఫోన్ చేశాడు.

"ఆ ఉద్యోగం..."

"చేరి నెల దాటింది అన్నా, నీ దయ. నన్నే టీముకు పెద్దను చేసిన్రు. నా కింద ఒక పోస్టు ఖాళీ ఉంది. జీతం ఇంకింత తక్కువ."

"ఎంతైనా ఫర్వాలేదు. మార్చిలోపు వస్తే చాలు."

"ఇంటర్వ్యూ నేనే చేయాలె అన్నా. రూలు గద."

మర్నాడు కమలాకర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కెమెరా ముందు కూర్చున్నాడు. చలపతి గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న వేశాడు.

"మీ తాతగారు ఏం చేసేటోళ్లు?"