అచ్చయిన ఎముకలు

వైద్య పరిశోధన పత్రికలో ఎన్నడూ అచ్చుకాని జనం ఎముకలు ఎక్స్‌రేలో పడవు కాబట్టి, కొండల మీది సవర గిరిజనుల ఫిల్ములు పెద్దాసుపత్రిలో ఎప్పుడూ ఖాళీగా, నల్లగానే వచ్చేవి. దీన్ని లోపమని ఎవరూ అనుకోలేదు. యంత్రం చక్కగానే పనిచేసేది. ఫిల్ములో మచ్చ లేదు గనుక ‘ఆరోగ్యం బాగుంది’ అని రాసి సంతకం పెట్టేవారు. ఆ మాటకొస్తే ఫిల్ములో మనిషీ లేడు, కానీ ఆ సంగతి రాయడానికి రిపోర్టులో గడి లేదు. జిల్లాలో జబ్బులు తక్కువున్న ప్రాంతానికిచ్చే షీల్డు ఏటా కొండలకే దక్కేది. దాన్ని అందుకోవడానికి ఎవరో ఒకరు దగ్గుకుంటూ కొండ దిగి వచ్చేవారు.

ఛాతీ వైద్య విభాగం పెద్ద, ప్రొఫెసర్ సత్యవరప్రసాద్ గారి సంగతి వేరు. ఆ విభాగంలో ఎవరు ఏ వ్యాసం రాసినా మొదటి పేరు ఆయనది వేయడం ఆనవాయితీ. అలా అచ్చయి అచ్చయి ఆయన ఎముకలు యంత్రం అక్కర్లేకుండా, ఇస్త్రీ కోటు పైనుంచే కనిపించేవి. కరెంటు పోతే వార్డు రౌండ్లు ఆయన పక్కటెముకల వెలుగులోనే పూర్తయ్యేవి. వింటే నవ్వొచ్చే సంగతే గానీ, ఎదురుగా నిలబడి చూసినవాళ్లకు నవ్వు వచ్చేది కాదు. చేతులు వాటంతటవే కట్టుకునేవి.

ఆయన దగ్గరే డాక్టర్ సవర జయంతి పై చదువు చదువుతోంది. సవరల్లోంచి ఆ విభాగానికి వచ్చిన మొదటి డాక్టరు ఆమే. ఆమె తల్లి సింగారమ్మ దగ్గితే కొంగుకు నెత్తురంటుతోంది. ఊపిరితిత్తిలో జబ్బుందని జయంతికి వింటేనే తెలుస్తోంది. కానీ ఫిల్ములో మచ్చ కనిపిస్తేనే మందులివ్వాలని నియమం. ఎన్నిసార్లు తీసినా సింగారమ్మ ఫిల్ము నల్లగానే వస్తోంది.

జయంతి సెలవు పెట్టి కొండెక్కి, గూడెంలో అందరి ఛాతీలూ పరీక్షించి, వ్యాసం రాసి పత్రికకు పంపింది. జవాబు మర్యాదగా వచ్చింది. ఈ జనం ఉన్నట్టు ఇంతకుముందు అచ్చయిన వ్యాసాల్లో ఆధారం లేదు, ఆధారం అచ్చయ్యాక పంపితే సంతోషంగా పరిశీలిస్తాము అన్నారు. ఆమె వ్యాసం పట్టుకుని ప్రొఫెసర్ గారి గదికి వెళ్లింది.

“ఇందులో నా పేరు లేదేంటమ్మా?” అన్నారాయన. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయారు.

“మీరు కొండకి రాలేదు కదా సార్.”

“కొండకి వెళ్లడానికి నువ్వున్నావు. కనిపించడానికి నేనున్నాను.”

ఆయన పేరు ముందుకు వెళ్లింది. ఆయన వెనక, విభాగంలో ఎవరూ చిన్నబుచ్చుకోకుండా అందరి పేర్లూ చేరాయి. జయంతి పేరు చివర్న పడింది. అక్కడికే చోటు నిండిపోవడంతో సవరలు వ్యాసంలోంచి దిగి, పేజీ అడుగున చిన్నక్షరాల్లో ‘సహకరించిన స్థానికులకు కృతజ్ఞతలు’ అయ్యారు. ఈసారి పత్రిక వెంటనే వేసుకుంది.

పత్రిక వచ్చిన రోజే సింగారమ్మకు మళ్లీ ఫిల్ము తీశారు. ఎక్స్‌రే గదిలో పనిచేసే పైడిరాజు దాన్ని లైటు పెట్టె మీద పెట్టి జయంతిని పిలిచాడు. ఫిల్ము అడుగున, ఆ చిన్నక్షరాలంత ఎత్తులో, గూడెం మొత్తం నిలబడి ఉంది. ముసలివాళ్లు, చంకల్లో పిల్లలు, అందరి పక్కటెముకలూ కొర్ర వెన్నుల్లా సన్నగా మెరుస్తున్నాయి. అంత అందమైనదాన్ని జయంతి తన చదువులో చూడలేదు. కళ్లనీళ్లు వస్తే తుడుచుకోలేదు. ఆ గుంపులో ఎవరి ఛాతీలోనో సూదిమొనంత మచ్చ ఉంది. ఎవరిదో తెలియదు. ‘స్థానికులు’ అని అందరినీ కలిపి అచ్చేశారు గనుక కొండ నుంచి ఎవరొచ్చినా ఇదే ఫిల్ము వస్తుంది.

“మచ్చ ఒక్కటే ఉంది మేడమ్. మందులు కూడా ఒక్కరికే ఇస్తారు,” అన్నాడు పైడిరాజు.

ఆ ఒక్కరి మందులూ జయంతి అమ్మకే రాసింది. సింగారమ్మ వాటిని గూడేనికి పట్టుకెళ్లి, వేటలో పడిన మాంసాన్ని పంచినట్టే, నలగ్గొట్టి ఇంటింటికీ పంచింది. అడవిలో దొరికింది ఒక్కరే దాచుకోవడం వాళ్లలో లేదు.

“ఎందుకమ్మా అలా చేశావు? అది నీ ఒక్కదానికే సరిపోయే మందు.”

“మచ్చ అందరి బొమ్మలోనూ ఉంది గదే. మందు నానొక్కదాన్నే మింగీసి, రేపు ఆల్ల మొకాలెలగ సూసీది?”

చిటికెడు పొడి ఎవరికీ చాలలేదు, ఎవరి దగ్గూ తగ్గలేదు. ప్రొఫెసర్ గారికి ఇందులో రెండో వ్యాసం కనిపించింది. దీనికి పత్రికవారు ఆధారం అడగలేదు, అది మొదటి వ్యాసం అడుగున ఉంది. మందు పంచుకున్న సంగతి కూడా రాయాలని జయంతి పట్టుబట్టింది. పంచుకోవడం పరిశోధన పద్ధతుల్లోకి రాదని సంపాదకులు విచారం తెలిపారు. ‘సవరల మీద ఈ మందు పనిచేయదు’ అని అట్ట మీదే పెద్దక్షరాల్లో వేశారు.

ఆ సంచిక వచ్చిన రోజు సింగారమ్మకు తీసిన కొత్త ఫిల్ము లైటు మీద పెట్టగానే గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ప్రొఫెసర్ గారూ లేచారు, ఆయన వెలుగు దాని ముందు వెలవెలబోయింది. భుజాలు, వెన్నుపూసలు, ఇన్నేళ్లూ ఏ యంత్రానికీ ఆనని ఛాతీ, అంచు నుంచి అంచు దాకా నిండి ఉన్నాయి. ఎడమవైపు మచ్చ ఇప్పుడు గుప్పెడంత, చాలా స్పష్టంగా ఉంది.

“నానేనా అది?” అంది సింగారమ్మ.

“నువ్వేనమ్మా.”

“ఎంత బాగున్నానే.”

జయంతి చీటీ రాసి, అమ్మను వెంటబెట్టుకుని మందుల కౌంటరుకు వెళ్లింది. కౌంటర్లో మనిషి చీటీ మీద ఇంటిపేరు చదివి, లేచి సింగారమ్మకు నమస్కారం పెట్టాడు.

“మీవాళ్లకి ఇది పనిచేయదు మేడమ్. అచ్చయింది గదా,” అన్నాడు.

సింగారమ్మ వినలేదు. దగ్గుతూనే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసుకుంటోంది. క్యూలో వాళ్లంతా ఆ ఎముకలను కళ్లప్పగించి చూస్తూ, ఒక్కొక్కరే ఆమెను దాటుకుని ముందుకు జరిగారు.