ఫ్రోంతో గారి గాజు కలశం

ఆ ఉదయం ఫ్రోంతో వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానశాలకు వెళ్లి ఒళ్లు రుద్దించుకోవడం, తిరిగొచ్చి గాజు కొలిమి నుంచి రావలసిన తన అస్థికల కలశాన్ని చూసుకుని మురిసిపోవడం.

"నిక్షేపంలా ఉన్న మనిషికి ఇప్పుడా చావు సరంజామా ఎందుకండీ?" అంది భార్య సాల్వియా.

"రేపు నాకు నిప్పు పెట్టేది మా తమ్ముడు మాకెరే కదా. వాడు నన్ను ఏ పగిలిన కుండలోనో కుక్కేస్తాడు. అదేదో నేనే చూసుకుంటా."

తండ్రి నాటిన అంజూరపు చెట్టు ఎవరిదన్న తగవు మీద అన్నదమ్ములకు పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఇద్దరిలో ఒకరు పోయేలోగా వాళ్లను కలపాలని సాల్వియా పడని పాట్లు లేవు.

"మీరే ఒకసారి వెళ్లి పలకరించకూడదూ?"

"వాడే రావాలి. పెద్దవాణ్ని నేను." ఫ్రోంతో తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కలశం భద్రంగానే వచ్చింది. పగలకుండా దాని చుట్టూ సైప్రస్ కొమ్మలు కుక్కి తెచ్చిన బండివాడు, దాన్ని సాల్వియా చేతిలో పెట్టి, ఆమె లోపలికి వెళ్లగానే కొమ్మల్ని గుమ్మం పక్కన పడేసి తన దారిన పోయాడు. రోమన్ల ఊరైన ఆ పుతియోలిలో గుమ్మం ముందు సైప్రస్ కొమ్మ కనబడిందంటే ఇంట్లో మనిషి పోయినట్టు లెక్క. బండివాడి తొందర బండివాడిది.

ఎదురింట్లో రొట్టెలు కాల్చే ప్లోతియా ఆ కొమ్మలు చూసి లోపలికి తొంగి చూసింది. సాల్వియా తల వంచుకుని అస్థికల కలశాన్ని తుడుస్తోంది. ఇలాంటప్పుడు కదిలించి అడగడం మర్యాద కాదని ప్లోతియా వెనుదిరిగి, ఫ్రోంతో పోయాడన్న కబురు ఊరంతా పంచిపెట్టింది. కాసేపటికే వేణువులు ఊదేవాళ్లు, కూలికి ఏడ్చే ఆడవాళ్లు వాకిట్లో దిగారు.

ఏడుపులు విని సాల్వియా బయటికొచ్చింది. కొమ్మలు కనిపించాయి. వేడినీళ్ల తొట్టిలో అంతసేపు కూర్చోవద్దని ఆయనకు ఎన్నిసార్లు చెప్పింది! కలశాన్ని గుండెకు హత్తుకుని అక్కడే కూలబడింది. ఆమె ఏడుపు ముందు కూలి ఏడుపులు తేలిపోయాయి.

అప్పుడే ఫ్రోంతో వీధి మలుపు తిరిగాడు. తన గుమ్మం ముందు కొమ్మలు, జనం. ఇంట్లో ఉన్నది సాల్వియా ఒక్కతే. పక్కనున్న రాతి మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పొద్దున్న ఆమె మాట విననందుకు తనను తానే తిట్టుకున్నాడు.

కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చిన మాకెర్ ఆయన్ను చూసి కొయ్యబారిపోయాడు.

"అన్నయ్యా, నువ్వు పోయావన్నారే."

"నేను కాదురా. మీ వదిన."

అన్నదమ్ములు ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు.

"చెట్టు నీదే అన్నయ్యా."

"నాకెందుకురా, నువ్వే ఉంచుకో."

"నీదని చెబుతున్నానా."

"ఇదిగో, మళ్లీ మొదలెట్టకు."

చేతులు పట్టుకుని ఇంటికి నడిచారు. సాల్వియా తలెత్తింది.

"ఏమండీ, మీరు పోలేదా?"

"నువ్వు పోలేదా?"

"మరి పోయిందెవరు?" అన్నాడు మాకెర్. అందరూ ప్లోతియా వైపు చూశారు.

"మర్యాదకి నేను అడగలేదు," అందామె.

సాల్వియాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మొగుడు బతికే ఉన్నాడు, మరిది గుమ్మం తొక్కాడు, ఇంత గొడవలోనూ కలశానికి గీత పడలేదు. వచ్చినవాళ్లందరికీ కడుపునిండా పెట్టి పంపింది. మర్నాడు మాకెర్ బుట్టెడు అంజూరాలు తెస్తే, వాటిని పోయడానికి ఆమెకు ఇంట్లో వేరే పాత్ర కనబడలేదు.

ఇప్పుడు ఫ్రోంతో రోజూ భోజనమయ్యాక తన అస్థికల కలశంలో చెయ్యిపెట్టి, మెత్తటి పండు కోసం వెతుక్కుంటున్నాడు.