గోవిందన్న పరుపు, దానమ్మ సీమకోడి

పందెం గెలిచి కూడా శిక్ష అనుభవిస్తున్నవాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఏ శుక్రవారమైనా ఆదోనిలో మా ఇంటికి రండి. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కనిపిస్తాను. మా ఆవిడ రహమత్ బీ మాత్రం కనిపించదు. మ్యాటినీకి వెళ్లి ఉంటుంది.

నేను దూదేకుల హుసేనప్పను. పరుపులు కుట్టడం మా తాతల నాటి పని. ఆదోనిలో పత్తికి కరువు లేదు కాబట్టి మాకు పనికీ కరువు లేదు. ఊళ్లో సగం మంది నేను కుట్టిన పరుపుల మీదే నిద్రపోతారు. మిగతా సగం మందికి నిద్ర పట్టదు.

ఇది ఎనభయ్యో సంవత్సరం మాట. ఆ ఏడు కిరసనాయిలు కంటికి కనబడకుండా పోయింది. రేషన్ షాపు ముందు మనుషులకు బదులు డబ్బాలు వరుసలో నిలబడేవి. మా డబ్బాకు ఆ వీధిలో నాకంటే ఎక్కువ పరిచయాలు ఏర్పడ్డాయి.

మిషన్ కాంపౌండ్ వెనక దానమ్మ అని ఒకావిడ ఉండేది. ఒకప్పుడు దొరసాని దగ్గర వంట చేసింది. దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ పెంపుడు సీమకోళ్లను దానమ్మకు వదిలిపెట్టింది. టర్కీ కోడి అంటారే, అదే. మెడ కింద ఎర్రటి తిత్తి, మనిషి కనబడితే కొత్తగా గెలిచిన వార్డు మెంబరులా ఛాతీ విరుచుకుని ఎదురొచ్చే నడక. దానమ్మ పరుపుల దూది నేను తిరిగి ఏకి ఇచ్చినందుకు, ఆమె అందులో ఒకదాన్ని ఫక్రుద్దీన్ ముల్లా చేత హలాల్ చేయించి, కాళ్లూ రెక్కలూ తాను ఉంచుకుని, రొమ్ము మాంసం మొత్తం నాకిచ్చింది.

“అన్నా, దీన్ని బిరబిరా వండితివంటే చెప్పుతోలే,” అంది దానమ్మ. “నిదానంగా ఉడకల్ల. దొరసాని ఏం చేస్తాండెనంటే, అరగంట పొయ్యి మీద తెర్లనిచ్చి, కుండను ఎండుగడ్డి పెట్టెలో పెట్టి మూసేస్తాండె. ఆదివారం చర్చికి పోయి వచ్చేలోగా వెన్న మాదిరి అయితాండె. మంటే ఉండదు.”

గడ్డితోనే ఉడికితే దూదితో ఉడకదా అనిపించింది నాకు. నా జన్మలో నాకు వచ్చిన మంచి ఆలోచనలన్నీ నన్ను ముంచినవే. ఇది చాలా మంచి ఆలోచన.

ఇంటికి రాగానే చెప్పాను. “ఏమే, రేపు మంట ల్యాకుండా వంట చేస్తా సూడు.”

“పొయ్యిలో మంట ల్యాకపోతేనేం, నా కడుపులో ఉండాదిలే,” అంది రహమత్ బీ. “ఇది గూడా నీ సైకిల్ మిషన్ మాదిరేనా?”

సైకిల్ చక్రంతో దూది ఏకే యంత్రం ఒకటి అంతకు ముందు నెల కనిపెట్టాను. “అది బాగనే ఏకింది గదా,” అన్నాను.

“ఏకింది. దూదిని గాదు, నీ పంచెను.”

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. మగవాణ్ని కదా, ఊరుకోలేదు. “అసలు వంటంటే ఏముండాది? కుండ పెట్టి కూర్చునేదే గదా. దానికి పద్నాలుగేండ్ల నుంచి ఏదో బండలు మోసినట్టు సెప్తాంటావు,” అన్నాను.

రహమత్ బీ గరిటె కింద పెట్టింది. ఆమె గరిటె పట్టుకుని మాట్లాడితే భయం లేదు. కింద పెట్టి మాట్లాడితేనే భయం.

“అయితే పందెం,” అంది. “రేపు శుక్రవారం. అరగంట స్టవ్ ఇస్తా. ఆపైన నిప్పు ముట్టుకోకూడదు. రెండు గంటలకు దానమ్మక్క వచ్చి మూత తీసి సూస్తాది. మెత్తగుంటే, శుక్రవారం నమాజు అయినంక నువ్వు యాడ తిరిగొచ్చినా నేను అడగను. గట్టిగుంటే, నువ్వు బతికినంత కాలం శుక్రవారం వంట నీదే.”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. శుక్రవారం నమాజయ్యాక నేను మిత్రులతో టీ హోటల్లో కూర్చుంటాను. ఇంటికెళ్లేసరికి పొద్దు వాలుతుంది. ఎందుకింత ఆలస్యం అని రహమత్ బీ అడిగితే నా జవాబు ఒక్కటే: “దబ్బనం పరుపులో పడిపోతే ఎతుకుతాంటి.” దబ్బనం అంటే మేం పరుపులు కుట్టే జానెడు సూది. పద్నాలుగేళ్లలో అది ఎన్నిసార్లు పడిపోయిందో నాకే గుర్తు లేదు. ప్రతిసారీ ఆమె నమ్మింది. నమ్మిందని నేను నమ్మాను.

ఆ ఒక్క ప్రశ్న తప్పిపోతుందంటే ఏ మగాడు వద్దంటాడు? సరేనన్నాను.

శుక్రవారం పొద్దున అల్లం, వెల్లుల్లి, ధనియాలు, ఎండుకొబ్బరి, లవంగం, చెక్క అన్నీ దట్టించి, సీమకోడి రొమ్మును అరగంట తెర్లనిచ్చాను. మూత చుట్టూ తడిపిండి పూసి బిగించాను. రహమత్ బీ చూస్తుండగానే ఆ కుండను పాత దూది నింపిన గోనెసంచిలో దించి మూతి కట్టాను. ఆమె చెట్టు కింద పిల్లల ఆట చూసినట్టు చూసి, బట్టలు ఉతకడానికి వెళ్లింది.

కాసేపాగి సంచి మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. నా ధైర్యం చల్లబడింది. వేడి బయటికి వస్తోందంటే లోపల ఉండడం లేదనే కదా. అది ఉండలు కట్టిన పాత దూది, దానికి పట్టు లేదు. పక్కకు తిరిగి చూద్దును కదా, గోవిందన్న పరుపు.

గోవిందన్న ఎమ్మిగనూరులో చీరల వ్యాపారి. మూడేళ్లుగా నడుంనొప్పి. మాంసం మాట అటుంచండి, కోడిగుడ్ల అంగడి అడ్డం వస్తే వీధి మార్చి నడిచే మనిషి. పైగా ముక్కుతో బతుకుతాడు. చీరను చేత్తో చూడడు, వాసన చూసి కొంటాడు. నా దగ్గర దూదిని కూడా వాసన చూసే ఏరుకున్నాడు. ఆయన మెచ్చుకుంటే ఎమ్మిగనూరు చేనేత వీధులన్నీ నావి. ఛీ అంటే నేను ఆ ఊరి బస్సు కూడా ఎక్కక్కర్లేదు.

ఆ పరుపు శనివారం ఇవ్వాలి. పొద్దుటికే కుట్టి సిద్ధంగా ఉంది. లోపల కొత్తగా ఏకిన పన్నెండు కిలోల మేలురకం దూది. రెండు గంటలకల్లా కుండ తీసి మళ్లీ కుట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

పరుపును కుండ చుట్టూ చుడితే సరిపోతుంది కదా అని మీరంటారు. అక్కడే ఉంది నా తెలివి. పైగుడ్డకు మసి అంటితే గోవిందన్నకు కనబడుతుంది. లోపలి దూదికి అంటితే ఎవరికి కనబడుతుంది? అందుకని ఒక పక్క కుట్టు విప్పి, కుండను పాత లుంగీలో చుట్టి, పరుపు నడిమధ్యకు తోసి మళ్లీ కుట్టాను. పరుపు ఏడో నెల గర్భిణిలా తయారైంది. చుట్టూ నాలుగు దిండ్లు పేర్చాను. ఖాళీ సంచిలో అనుమానం రాకుండా మా ఇంటి చిన్న రోలు దించి మూతి కట్టేసి, నమాజుకు వెళ్లాను. అక్కడ కూర్చున్నంతసేపూ నా మనసు ఎక్కడుందో అల్లాకు తెలుసు. పరుపులో ఉంది.

తిరిగొచ్చేసరికి దిండ్లున్నాయి. పరుపు లేదు.

“పరుపేదీ?” అన్నాను.

“యా పరుపు?” అంది రహమత్ బీ.

“గోవిందన్న పరుపే.”

“గోవిందన్న వచ్చి తీసకపోయినాడు. రేపు అమావాస్యంట, కొత్త పరుపు ఎక్కకూడదంట. పన్నెండున్నర బస్సు మీదికి ఎక్కించినాడు.”

“చుట్టి తీసకపోయినాడా?”

“చుట్టే. మడిచి జేబులో పెట్టుకుంటారా?”

“బరువుగా ఉండాదని అనల్యా?”

“దూది బాగా ఏసినావని సంతోషపడినాడు.” నా ముఖంలోకి నిదానంగా చూసింది. “ఇంకేమన్నా అడగల్లనా?”

మూలనున్న గోనెసంచి వైపు చూశాను. కట్టిన మూతి కట్టినట్టే ఉంది. నిజం చెప్తే పందెం పోతుంది, పరుపులో వంట చేసిన సంగతి బయటపడుతుంది. “ఏం ల్యా,” అన్నాను. “నా దబ్బనం ఆ పరుపులో పడిపోయింది.”

“అట్లనా,” అంది. “అయితే పో.”

నమ్మింది. నేను బస్టాండుకు పరిగెత్తాను.

ఎమ్మిగనూరు గంట ప్రయాణం. బస్సు గుంతలో పడినప్పుడల్లా పరుపులో పులుసు ఎంత ఒలికి ఉంటుందో లెక్కేశాను. దారిలో ఒక కుక్క బస్సు వెంటపడింది. అది రోజూ బస్సుల వెంటపడే కుక్కే అయి ఉంటుంది. నాకు మాత్రం అది ముందు బస్సు వాసన పట్టుకుని వస్తున్నట్టే అనిపించింది.

గోవిందన్న ఇంటికి చేరేసరికి ఆయన వరండాలో పరుపు వేయించుకుని దాని మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్లు మూసుకుని, ముఖంలో చిరునవ్వు.

“ఏమప్పా హుసేనప్పా, ఏం కుట్టినావప్పా,” అన్నాడు. “నడుం కింద వెచ్చగా కాపడం పెట్టినట్టు ఉండాది. నొప్పి సగం పోయింది.” ముక్కు ఎగబీల్చాడు. “ఇంకోటి. లవంగం వాసన వస్తాండాది. చెక్క గూడా. లోపల ఏసినావా?”

“దోమలకు,” అన్నాను.

“మనుషులకు గూడా బాగుండాది.”

“అన్నా, రవ్వంత పైకి లెయ్యి. నా దబ్బనం లోపల పడిపోయినాది,” అన్నాను.

మూడేళ్లుగా ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని మనిషి ఒక్క దూకున వీధిలో ఉన్నాడు. మిగతా సగం నొప్పి కూడా అప్పుడే పోయి ఉంటుంది.

కుట్టు విప్పి భుజం దాకా చెయ్యి పెట్టాను. కుండ లేదు. ఈ మూలా ఆ మూలా తడిమాను. దూదే ఉంది. అంత పెద్ద కుండ ఎటు పోయిందో అర్థం కాక నోరు జారాను. “ల్యాదు,” అన్నాను.

“ఏంది ల్యాదు?” అన్నాడు గోవిందన్న వీధిలోంచే. “చేతికి దొరకల్యా అంటే ఇంకా లోపలే ఉండాదని గదా.”

పరుపు మొత్తం విప్పి దూదిని వరండాలో పరచక తప్పలేదు. మగ్గాలు ఆపి వీధంతా వచ్చింది. ఉచ్చీరప్ప అనే పక్కింటి నేతగాడు, తన తాతకు మడమలో దిగిన సూది మూడేళ్లకు భుజంలోంచి వచ్చిందని చెప్పాడు. గోవిందన్న తన భుజం తడుముకున్నాడు.

లేని దబ్బనం కోసం గంటసేపు వెతికాను. ఎవరిదైనా సూది అడిగి దూదిలో కలుపుదామంటే అందరి కళ్లూ నా చేతుల మీదే ఉన్నాయి. ఇక పరువు పోయినట్టే, ఆలస్యానికి చెప్పే సాకు కూడా ఆ రోజుతో చచ్చినట్టే అనుకున్నాను. సరిగ్గా పరుపు నడిమధ్య దూదిలో చిన్న మూట చేతికి తగిలింది. పచ్చటి గుడ్డపేలిక, పసుపు అంచు. విప్పితే లోపల నా దబ్బనం.

ఆ గుడ్డ నాకు తెలుసు. పెళ్లయిన మొదటి రంజానుకు నేను కొనిచ్చిన చీర. చిరిగిపోయాక రహమత్ బీ దాన్ని కుండలు దింపే మసిగుడ్డ చేసుకుంది. నేను చెప్పిన అబద్ధం, ఎవరికీ గుచ్చుకోకుండా ఆమె చీరలో చుట్టుకుని, నా చేతిలో నిజమై కూర్చుంది. నాకు సిగ్గేసింది. ఆమె మీద ప్రేమా పొంగింది. రెండూ ఒకేసారి రావడంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“సూడండప్పా,” అన్నాడు గోవిందన్న జనంతో. “ఒక దబ్బనం కోసం ఆదోని నుంచి బస్సెక్కి వచ్చి కండ్లనీళ్లు పెట్టుకుంటాండాడు. ఇంత నిజాయితీ మనిషిని నేను సూడల్యా.”

ఆ వీధివాళ్లు అక్కడికక్కడే మూడు పరుపులు కుట్టమన్నారు. అన్నీ లవంగం, చెక్క వేసినవే కావాలన్నారు. ఆయన పరుపు తిరిగి కుట్టి ఇచ్చి బస్సెక్కాను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. రహమత్ బీ, దానమ్మ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో కుండ, కుండలో ఒకే ఒక్క పెద్ద ముక్క.

“దబ్బనం దొరికెనా?” అంది రహమత్ బీ.

“కుండ పరుపులో ఉండాదని నీకు ఎట్ల తెలిసింది?”

“అల్లం దంచుదామని రోలు ఎతికినా. యాడా ల్యా. సూస్తే నీ సంచిలో ఉండాది. రోలు ఉడికిస్తాండావేమో అనుకుంటి. పరుపు సూస్తే కడుపుతో ఉండాది, నొక్కితే లోపల కుండ తగిలె. అంతలోనే గోవిందన్న జట్కా దిగినాడు. నాలుగు రకాల దూది ముందర పోసి, వచ్చే పరుపుకు వాసన సూసి పెట్టుకో అన్నా అంటి. ఆయన ముక్కు పైకెత్తేలోగా కుండ తీసి మన బొంతల్లో పెట్టి, పరుపు కుట్టి పంపిచ్చినా.”

“నాకు సెప్పొచ్చు గదా.”

“నువ్వు అడిగింది పరుపును. కుండ యాడని ఒక్క మాట అడిగింటే సెప్పేదాన్నే. ఇంకేమన్నా అడగల్లనా అని గూడా అడిగినా.”

“మరి దబ్బనం?”

“నువ్వు పోతావు, పరుపు విప్పిస్తావు, దబ్బనం అంటావు. పద్నాలుగేండ్ల నుంచి నీకు ఇంకో అబద్ధం రాల్యా. నలుగురిలో అది దొరక్కపోతే నీ పరువేం గావల్ల?”

రహమత్ అంటే దయ అని అర్థం. మా మామ ఆ పేరు ఊరికే పెట్టలేదు.

కానీ ఆకలిగా ఉన్న మనిషికి కృతజ్ఞత ఎంతసేపు నిలుస్తుంది? ముక్క నోట్లో పెట్టుకున్నాను. పళ్లతో పని లేకుండా కరిగింది. వెంటనే పందెం గుర్తొచ్చింది.

“దానమ్మక్కా, నువ్వే సెప్పు. నిప్పు ల్యాకుండా ఉడికింది గదా?”

“దొరసాని గూడా ఇంత మెత్తగా చెయ్యల్యా అన్నా,” అంది దానమ్మ.

“అయితే నేను గెలిచినా.”

“గెలిచినావు. ఎవరు కాదన్నారు?” అంది రహమత్ బీ. “యాడ పెట్టి ఉడికిచ్చినావో వీధిలో అందరికీ సెప్దాం. గోవిందన్నకు గూడా ఒక కార్డు రాయిచ్చేది మేలు.”

నా చేతిలో ఇంకా ఆ పచ్చగుడ్డ ఉంది. దాన్ని చూశాను. ఆమెను చూశాను.

“గట్టిగా ఉండాది,” అన్నాను.

“ఏది?” అంది దానమ్మ.

“ముక్క. బలే గట్టిగా ఉండాది. ఓడిపోయినా.”

అప్పటి నుంచి శుక్రవారం వంట నాదే. అరగంట తెర్లనిచ్చి, కుండను బొంతల్లో పెట్టి నమాజుకు వెళ్తాను. కుండ పెట్టి కూర్చోవడమే వంట అన్నానే, ఆ కూర్చోవడానికి ముందు తరగాల్సినవీ, తర్వాత తోమాల్సినవీ ఎన్ని ఉంటాయో ఇప్పుడు నాకు తెలుసు.

రహమత్ బీ దానమ్మతో కలిసి మ్యాటినీకి వెళ్తుంది. ఒక్కోసారి పొద్దు వాలినా రాదు. కూర ఎదురుగా పెట్టుకుని కూర్చుని, రాగానే అడుగుతాను, ఎందుకింత ఆలస్యమని.

“దబ్బనం పడిపోతే ఎతుకుతాంటి,” అంటుంది.

నేను నమ్ముతాను.