త్రిమూర్తులు గారి లాంచీకి ఆయిలు మార్పిడి మహోత్సవం

దుబాయ్ ఆంధ్రుల చరిత్రలో ఆ శుక్రవారం సువర్ణాక్షరాలతో లిఖించదగినదని మా సంఘాధ్యక్షుడు భీమరాజు గారు ప్రకటించారు. కారణం: త్రిమూర్తులు గారి షికారు లాంచీకి ఇంజనాయిలు మారుస్తున్నారు!

మా సంఘంలో కార్లున్నవాళ్లు చాలామంది. లాంచీ ఉన్నది త్రిమూర్తులు గారొక్కరికే. కనక రాబోయే కార్యదర్శి ఆయనేనని అందరం ఒప్పుకున్నాం. నిజానికి ఆ లాంచీ ఆయన కంపెనీ కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానిది. త్రిమూర్తులు గారు దాని తాళాలు దాచే స్టోర్ కీపరు. తను ఫుజైరా నుంచి తిరిగొచ్చేసరికి ఆయిలు మార్చి ఉండాలని, లేకపోతే వీసా ఖలాస్ అని కఫీల్ హుకుం. ఈ సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు. చేయక తప్పని చాకిరీని ఆయన ఉత్సవం చేశారు.

లాంచీ కట్టేసిన క్రీక్ ఒడ్డున కుర్చీలు వేశారు. ఇంజను మూతకు పసుపు రాసి బొట్లు పెట్టారు. కొత్త ఆయిలును వెండి గిన్నెలో ఉంచారు. కార్యవర్గ సభ్యులు హోదా ప్రకారం తలా ఒక గరిటె పొయ్యాలి. మొదటి గరిటె అధ్యక్షుడిదా, మాజీ అధ్యక్షుడిదా అని తర్జనభర్జన జరిగింది. పాత ఆయిలు తీసే అంశం మాత్రం కార్యక్రమంలో లేదు. దానికి చేతులు నల్లబడతాయి.

"అది మెకానిక్ ఖాదర్ చూసుకుంటాడండి. ఇంకా రాలేదేంటో! నేనెళ్లి పట్టుకొస్తాను" అని త్రిమూర్తులు గారు టాక్సీ ఎక్కారు.

ఆయన అలా వెళ్లగానే బనీను, లుంగీలో ఒక ముసలాయన వచ్చి లాంచీలోకి దిగాడు. బొట్లు చూసి ఆగాడు.

"ఏం ఖాదర్, ఇత్నా దేర్ క్యోం? యల్లా! పురానా ఆయిల్ నికాలో!" అని తొందరపెట్టారు భీమరాజు గారు.

ముసలాయన ఇంజను స్టార్టు చేశాడు.

"ఆ పొగేంటయ్యా! పట్టుచీర పాడైపోతే నువ్వు కొనిస్తావా?" అన్నారు అధ్యక్షుల వారి సతీమణి నాగరత్నమ్మ గారు.

"గరమ్ హోనేసే జల్దీ నికల్తా" అని, ఆయిలు వేడెక్కాక ముసలాయన ఇంజను ఆపి, చేతిపంపు గొట్టం లోపలికి దించి, పాత ఆయిలు డబ్బాలోకి లాగాడు. మోచేతులదాకా నల్లబడ్డాడు. దాహం అన్నాడు. గ్లాసులు అతిథులకట! కోశాధికారి మాణిక్యం గారు ఎత్తునుంచి దోసిట్లో పోశారు.

"ఏ లాంచ్ కిస్కా హై?" అన్నాడు ముసలాయన, తాగాక.

"త్రిమూర్తులు సాబ్‌కా! బహుత్ బడా ఆద్మీ!" అన్నారు మాణిక్యం గారు. నీలాంటి వాళ్లు యాభై మంది ఆయన కింద పనిచేస్తున్నారని కూడా తెలియజేశారు.

"అచ్ఛా" అన్నాడు ముసలాయన.

అప్పుడే టాక్సీ ఆగింది. ముందు దిగిన ఖాదర్ హుస్సేన్ పానాల సంచీ కింద పెట్టి ముసలాయన ముందు వంగాడు.

"సలామలేకుం, అర్బాబ్!"

అర్బాబ్ అంటే యజమాని. మా సంఘంలో ఆ మాట తెలియనివారు లేరు.

త్రిమూర్తులు గారు జరీ కండువా తీసి ఆ నల్లటి చేతులు తుడవబోయారు. కఫీల్ చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"అర్బాబ్... మేరా వీసా..."

"లాంచ్ కా మాలిక్ కో వీసా క్యోం?"

లాంచీ ఉన్నవాడికి వీసా ఎందుకట! త్రిమూర్తులు గారు మా వైపు చూశారు.

"నాకు మొదట్నుంచీ అనుమానమేనండి!" అన్నారు భీమరాజు గారు, అందరికీ వినబడేలా. త్రిమూర్తులు గారి కోసం తెచ్చిన దండ ఆ బనీను మీద వేశారు. నాగరత్నమ్మ గారు తన కుర్చీ పమిటతో తుడిచి ముందుకు జరిపారు. మాణిక్యం గారు కొత్త గ్లాసు కడిగి, నిండా నీళ్లు పోసి, రెండు చేతులతో అందించారు.

కఫీల్ గ్లాసు తీసుకోలేదు. మాణిక్యం గారి ముందు వంగి దోసిలి పట్టాడు.