బంద్ చేయరాని బండి

ఆ రోజు పొద్దున సాయిబాబు వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడున్నరకు సూర్యాపేటలో ఇంటి ముందు కొత్త బండికి పూజ. ఎనిమిదికి బయలుదేరడం. తొమ్మిదిన్నరకల్లా మిర్యాలగూడలో చెల్లెలు యశోద అత్తగారింట్లో టిఫిను. పదకొండుకు యశోదను బండెక్కించుకొని తిరుగు ప్రయాణం. యశోదకు తొమ్మిదో నెల పడింది. తొలి కాన్పు తన చేతుల మీదుగా జరగాలని తల్లి సత్తమ్మ మూడు నెలల నుంచీ ఇంట్లో అందరికీ చెబుతూనే ఉంది.

యశోద అత్తగారు పిచ్చమ్మ మాత్రం ఫోనులోనే గడువు పెట్టేసింది. "పన్నెండు లోపల బండి మా వాకిట్ల నుంచి కదలాలె. పన్నెండు దాటితే వర్జ్యం, తెల్లారితే మూఢం. మూఢంల పిల్లను పంపుడు మా ఇంట లేదు. మీకు వీలు గాకపోతే చెప్పుండ్రి, కాన్పు మేమే చేసుకుంటం." ఆ చివరి మాటకు సత్తమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు.

నిండు చూలాలిని ఆటోలో కుదిపి తీసుకురావద్దని డాక్టరమ్మ చెప్పిందనే సాకు మీద సాయిబాబు బండి కొన్నాడు. సాకు అని ఎందుకంటున్నానంటే, కరెంటు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పదేళ్ళు బైకు మీద తిరిగిన మనిషికి ఆ బండి మీద అంతకు ముందే మనసు పడింది. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి తన దేశానికి వెళ్ళిపోయిన ఒక యూరప్ ఇంజనీరుది అది. స్టేషన్ వ్యాగన్ అంటారట. ముందు నుంచి చూస్తే మామూలు కారే, పక్క నుంచి నడుచుకుంటూ పోతే మాత్రం ఎంతకీ అయిపోదు. "ఇది కారా, అంబులెన్సా అన్నా?" అని వాడకట్టులో ఇప్పటికే నలుగురు అడిగారు. సాయిబాబు నలుగురితోనూ మాట్లాడడం మానేశాడు.

బండిలో తెర మీద వచ్చే రాతలన్నీ ఆ ఇంజనీరు భాషలోనే ఉండిపోయాయి. తాళంచెవి కూడా మనవాళ్ళకు తెలిసిన రకం కాదు. నల్లగా, నున్నగా గులకరాయిలా ఉంటుంది. దాన్ని ఎక్కడా పెట్టి తిప్పే పని లేదు. అది బండిలో ఉండి బటన్ నొక్కితే చాలు, ఇంజన్ స్టార్టవుతుంది. అలాంటివి రెండు ఉండాలి. రెండోది పొరపాటున ఇంజనీరు జేబులోనే యూరప్ చేరింది.

పూజ బాగానే జరిగింది. సాయిబాబు ఇంజన్ స్టార్ట్ చేసి కూర్చున్నాక, "తాళానికి కూడా బొట్టు పెట్టాలి, ఇలా ఇవ్వండి" అన్నారు పంతులుగారు. సాయిబాబు కిటికీలోంచి అందించాడు. దానికి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, పూజ పళ్ళెంలో ఉంచారు. కొబ్బరికాయ కొట్టారు. బండి నాలుగు నిమ్మకాయలనూ తొక్కుకుంటూ ముందుకు కదిలింది. పంతులుగారికి కోదాడలో గృహప్రవేశం ఉంది. పళ్ళెంలోవన్నీ గబగబా సంచిలో వేసుకొని, ఎవరిదో బైకు వెనక ఎక్కి వెళ్ళిపోయారు. సత్తమ్మ కూతురికి పెట్టడానికి కుంకుమ నింపుకున్న స్టీలు డబ్బాను ఒళ్ళో పెట్టుకొని వెనక సీట్లో కూర్చుంది. సాయిబాబు భార్య నాగరాణి ముందు కూర్చుంది.

వీధి మలుపు తిరగక ముందే బండి కుయ్యి కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"ఏమంటున్నది?" అంది నాగరాణి.

"బెల్టు పెట్టుకోమంటున్నది."

"పెట్టుకున్న."

"అయితే మంచిగ పెట్టుకోలేదు."

కొత్త బస్టాండు దగ్గర పండ్ల కోసం, ఇంజన్ ఆపకుండానే ఆగినప్పుడు సాయిబాబు ఆ ఎర్ర అక్షరాలను ఫొటో తీసి, బండిని పరీక్ష చేసిచ్చిన మెకానిక్ నవీన్‌కు పంపాడు. నిమిషంలో ఫోను మోగింది.

"అన్నా, నీ తాళం బండిల లేదు."

సాయిబాబు జేబులు తడుముకున్నాడు. "మరి బండెట్ల నడుస్తున్నది?"

"స్టార్ట్ చేసేటప్పుడే కావాలన్నా. తర్వాత దానంతట అది నడుస్తది. కానీ ఒక్కసారి బంద్ చేసినవంటే, తాళం దొరికేదాకా ఇగ స్టార్ట్ కాదు. ఏం జేసినా బంద్ మాత్రం చెయ్యకు."

సాయిబాబు భార్యను పక్కకు పిలిచాడు. బండి కిటికీకి రెండడుగుల దూరంలో ఇద్దరూ గుసగుసలాడుకున్నారు.

"తాళం నువ్వు తీసినవా?"

"నేనెందుకు తీస్త? ఆఖరుకు పంతులుగారి పళ్ళెంలనే సూసిన. అన్నీ సంచిల ఏసుకున్నడు కద."

"అయిపోయింది. అది కోదాడకు పోయింది. అమ్మకు మాత్రం చెప్పకు, బీపీ పెరుగుతది."

"నేనేం చెప్త? నాకే పెరిగింది."

పంతులుగారి ఫోను మోగుతోంది కానీ ఎత్తడం లేదు. మిర్యాలగూడ వైపు వెళ్ళాల్సిన బండి ఇంకో వైపు తిరిగి, కోదాడ దారి పట్టింది. సత్తమ్మ అప్పటికే వాంతుల మాత్ర వేసుకొని, కొంగు మొహం మీద కప్పుకొని, డబ్బాను రెండు చేతులతో పట్టుకొని నిద్రలోకి జారుకుంటోంది. బండి అరుపుకు కూడా ఆమె లేవలేదు.

కోదాడలో ఆ గృహప్రవేశం ఇల్లు దొరికేసరికి తొమ్మిదిన్నర. ఎవరో ఒకరు బండిలో ఉండాలి. నాగరాణిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు సాయిబాబు. ఆమెకు డ్రైవింగ్ రాదు.

"ఏ బటన్ ముట్టకు. కాళ్ళు పైకి పెట్టుకో. ఎవరన్నా వచ్చి బండి తియ్యమంటే రాదని చెప్పు."

"నిజంగనే రాదు కద."

"అదే చెప్పు."

లోపల హోమం జోరుగా సాగుతోంది. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపలేరు. సాయిబాబు చేతులతో బండి తోలినట్టు, తాళం తిప్పినట్టు, నెత్తిన చెయ్యి పెట్టుకున్నట్టు చేసి చూపించాడు. పంతులుగారు మంత్రం చదువుతూనే కళ్ళతో మూలనున్న సంచిని చూపించారు. సాయిబాబు వెళ్ళి సంచిలో చెయ్యి పెట్టాడు.

"ఎవరండీ మీరు? పంతులుగారి సంచిలో చెయ్యి పెడుతున్నారేంటి?" అంటూ ఇంటావిడ రుక్మిణి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"నా బండి తాళం మేడం. పొద్దుగాల పూజల..."

సంచి బోర్లించారు. విభూతి పండ్లు, అరటిపండ్లు, జంధ్యాల కట్ట, వాటితో పాటు తాళంచెవులు పడ్డాయి. ఒకటి కాదు, ఐదు. ఐదింటికీ ఎండిన కుంకుమ ఉంది. వాహన పూజలకు వెళ్ళిన చోటల్లా పళ్ళెంతో పాటు వచ్చేసినవి. అందులో సాయిబాబుది లేదు. రుక్మిణి మాత్రం ఒకదాన్ని చటుక్కున అందుకుంది.

"ఇది మా తమ్ముడి ట్రాక్టర్‌దండీ! ఏడాది నుంచి పోయిందని ఇంట్లో ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నాం!"

అక్కడితో హోమం చుట్టూ ఉన్న చుట్టాలందరూ లేచారు. తమ బైకు తాళం పోయి ఎన్నాళ్ళయిందో లెక్కేసుకున్నారు. మంత్రం ఆగకూడదు కాబట్టి పంతులుగారు చదువుతూనే ఉన్నారు, చెమటలు పడుతూనే ఉన్నాయి. చివర పూర్ణాహుతికి అందర్నీ నిలబెట్టాక సాయిబాబు చెవిలో, "నాకేమీ గుర్తు లేదు నాయనా, నన్ను వదిలెయ్యి" అన్నారు.

ఈ లోపల బయట సత్తమ్మ నిద్ర లేచింది.

"ఇది మిర్యాలగూడెనా?"

"కాదత్తమ్మా, కోదాడ" అంది నాగరాణి, సీటు మీద కాళ్ళు ముడుచుకొని.

"కోదాడల మనకేం పని?"

"ఆయన పంతులుగారితోని జర మాట్లాడేదున్నదట. మీరు పండుకోండ్రి."

సత్తమ్మ కోడలి మొహం చూసింది. కళ్ళలో నీళ్ళున్నాయి. బస్టాండు దగ్గర ఇద్దరూ పక్కకు పోయి గుసగుసలాడడం ఆమె కొంగు సందులోంచి చూడకపోలేదు. సంసారం గొడవ పంతులుగారి దాకా వచ్చిందన్న మాట! మధ్యలో పెద్దవాళ్ళు దూరితే ఇంకా చెడుతుందని ఆమెకు అనుభవం. ఇంటికి పోయాక ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడదామని నిర్ణయించుకొని, మళ్ళీ కొంగు కప్పుకొని నిద్ర నటించింది.

సాయిబాబు ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి పదింబావు. యశోదను ఎలాగైనా బండెక్కించి, ఇంజన్ ఆపకుండా ఇంటికి చేర్చడం తప్ప ఇంకో దారి కనిపించలేదు. హుజూర్‌నగర్ చేరేసరికి డీజిల్ లైటు వెలిగింది. బంకులోకి తిప్పాడు.

"ఇంజన్ బంద్ చెయ్యుండ్రి సార్" అన్నాడు బంకు అతను.

"బంద్ చేస్తే మళ్ళ స్టార్ట్ కాదన్నా."

"అట్లయితే మెకానిక్ దగ్గరికి పోవాలె. గీడికెందుకొచ్చిండ్రు?"

"బండి మంచిగనే ఉన్నదే."

"మంచిగుంటే బంద్ చెయ్యుండ్రి."

ఈ మాట మీద ఇద్దరూ నాలుగు సార్లు తిరిగారు. వెనక లారీ హారన్ కొట్టింది. డీజిల్ లేకుండానే బండి బయటపడింది. మిగిలినది కాపాడుకోవడానికి సాయిబాబు ఏసీ తీసేసి, అద్దాలు దించాడు. మే నెల గాలి సెగలు కక్కుతూ లోపలికొచ్చింది. వెనక సత్తమ్మ కొంగుతో విసురుకుంటూ, మొగుడి మీద కోపంతో కోడలు ఏసీ తీసేయించి ఉంటుందనుకుంది. అయినా పెదవి విప్పలేదు. అంత ఓర్పు ఆమె జన్మలో ఎప్పుడూ పట్టలేదు.

మిర్యాలగూడలో పిచ్చమ్మ ఇంటి ముందు బండి ఆగేసరికి పదకొండు నలభై. పిచ్చమ్మ వాకిట్లోనే, గోడ గడియారం కనిపించేలా తలుపు తెరిచి పెట్టుకొని నిలబడి ఉంది.

"తొమ్మిదిన్నరకు టిఫినన్నరు. ఇడ్లీలు రాళ్ళయినయి. దిగుండ్రి."

సత్తమ్మ, నాగరాణి దిగారు. సాయిబాబు దిగలేదు. స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకొని నవ్వాడు.

"వద్దత్తమ్మా, ఆలస్యమైతది. చెల్లెను గిట్లనే తోలుండ్రి."

"గిట్లనే అంటే? అన్నవైనోడివి గడప తొక్కి నీళ్ళన్న తాగకుండ పిల్లను తీస్కపోతవా? పెద్ద బండి కొన్నవని మా ఇల్లు చిన్నగయిందా?" పిచ్చమ్మ గొంతు పెరిగింది. పక్కింటి వాళ్ళు గోడల మీద నుంచి చూస్తున్నారు.

గుమ్మంలో యశోద పొట్ట మీద చెయ్యి వేసుకొని నిలబడి, అన్న వైపు బెంగగా చూసింది. ఆ చూపుకు సాయిబాబు ఇక కూర్చోలేకపోయాడు. ఇంజన్‌ను అలాగే వదిలేసి లోపలికి పరుగెత్తాడు. నిలబడే చెంబెడు నీళ్ళు తాగాడు, రాయిలాంటి ఇడ్లీ ఒకటి మింగాడు. మొత్తం మూడు నిమిషాలు. బయటికొచ్చేసరికి యశోదను వెనక సీట్లో కూర్చోబెట్టారు. పక్కనే సత్తమ్మ. డ్రైవరు సీట్లో యశోద భర్త క్రాంతి ముచ్చటగా కూర్చొని ఉన్నాడు. బండి చప్పుడు చేయడం లేదు.

"బావా, ఉత్తగ డీజిల్ కాలుతున్నదని నేనే బంద్ చేసిన" అన్నాడు క్రాంతి, మెచ్చుకోలు కోసం చూస్తూ.

సాయిబాబు వాకిట్లో ముగ్గు మీదే చతికిలబడ్డాడు. నాగరాణి నోట్లో కొంగు కుక్కుకుంది. సంగతేమిటో తెలియని క్రాంతి కంగారు పడిపోయి బ్రేకు తొక్కి బటన్ నొక్కాడు. కుయ్యిమంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కుయ్యిమంది. గడియారం పన్నెండుకు ఆరు నిమిషాలు తక్కువగా ఉంది.

"సూసినవా? బండి గూడ పోనంటున్నది" అంది పిచ్చమ్మ. "ఇది మంచి శకునం గాదు. దిగు బిడ్డా యశోదా. కాన్పు గీడనే అయితది."

యశోద తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను దిగనమ్మా" అని ఏడ్చేసింది. సత్తమ్మ, "ఆగుండ్రి వదినా. పోయినా పోకున్నా, పొద్దటి సంది నా బిడ్డకు బొట్టన్న పెట్టలే. అది పెట్టనియ్యుండ్రి" అని ఒళ్ళోని స్టీలు డబ్బా మూత పట్టుకుంది. బిగుతు మూత. పళ్ళు బిగించి లాగింది. రాలేదు. చీర కొంగు చుట్టి మళ్ళీ లాగింది. టప్పున ఊడింది.

అదే క్షణంలో క్రాంతి పదోసారో పదకొండోసారో బటన్ నొక్కాడు. బండి ఘుర్రుమని లేచింది.

పిచ్చమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. సత్తమ్మ మాత్రం కుంకుమలో వేళ్ళు పెట్టి, విసుగ్గా ఎర్రటి గులకరాయి ఒకటి బయటికి తీసి కిటికీలోంచి అందించింది.

"సాయీ, జర ఇది పట్టుకో. అడ్డమొస్తున్నది."

సాయిబాబు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. "అమ్మా, ఇది నీ దగ్గరనే ఉన్నదా?"

"ఇంకెక్కడుంటది? నెల రోజులల్ల బైకు తాళాలు మూడు పారేసుకున్నవ్. పూజ కాంగనే పళ్ళెంలకెల్లి తీసి దాసిన."

"మరి చెప్పొద్దా?"

"నువ్వడగొద్దా? ఇద్దరు గుసగుసలు వెట్టుకుంటుంటే మొగడు పెండ్లాల లొల్లి అనుకొని నోరు మూసుకున్న. కోదాడకు దీనికోసం తిప్పినవా?"

"నీకు బీపీ పెరుగుతదని చెప్పలేదమ్మా."

"ఇప్పుడు పెరిగింది" అంది సత్తమ్మ, కూతురి నొసట బొట్టు దిద్దుతూ. "ఎక్కు, పోనియ్యి."

బండి కదిలేసరికి పన్నెండుకు రెండు నిమిషాలుంది. యశోద ఏడుపులోంచి నవ్వులోకి వచ్చి, తల్లి భుజం మీద తల పెట్టుకొని పడుకుంది. ఊరు దాటక ముందే బంకులో ఇంజన్ బంద్ చేసి డీజిల్ పోయించుకున్నారు. గట్టి మూత స్టీలు డబ్బాలో పెడితే తాళం బండిలో ఉన్నట్టు బండికి తెలియదని నవీన్ ఫోనులో విడమరిచి చెప్పాడు.

సాయిబాబు అదే మాట పిచ్చమ్మకు ఫోనులో మూడుసార్లు చెప్పాడు గానీ, కళ్ళతో చూసినదాన్ని ఆమె కాదనుకోలేకపోయింది. పది రోజులకు సూర్యాపేటలో యశోదకు ఆడపిల్ల పుట్టింది. ఆ సాయంత్రమే పిచ్చమ్మ ఫోను చేసి, తల్లీబిడ్డా క్షేమమేనా అని అడిగి, తమ ట్రాక్టరు రెండు రోజులుగా స్టార్ట్ కావడం లేదని, సత్తమ్మను ఆ కుంకుమ డబ్బా తీసుకొని ఒకసారి రమ్మంది.