బీపీ చూసి లోపలికి పంపిన ధర్నా

మా పేట ఆసుపత్రిని మూసివేయరాదని కోరుతూ పదకొండు రోజులపాటు సాగిన శాంతియుత ధర్నా, పాల్గొన్నవారిలో ఏ ఒక్కరికీ బీపీ పెరగకుండా దిగ్విజయంగా ముగిసిందని, ధర్నా సంఘం కార్యదర్శిగా తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆసుపత్రి కూడా ముగిసింది. అది వేరే విషయం.

మొదటిరోజు మాకు అనుభవం లేదు. ఆసుపత్రి గేటుకు ఎదురుగా టెంటు వేయగానే జనం వచ్చి నోటికొచ్చినట్టు నినాదాలిచ్చారు. అందరికన్నా గట్టిగా అరిచింది మా వీధి కుట్టుమిషనక్క. ఆమె అత్తగారికి షుగరు, కాలిమీద పుండు. రోజూ పొద్దున్నే ఇక్కడే కట్టు మార్చాలి. ఇది మూస్తే రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి పోవాలి. ఆ ముసలావిడ బస్సు మెట్టు ఎక్కలేదు.

"నాలుగు రోజులు కట్టు మార్చకపోతే కాలే తీసేయాల్సొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకేం చెప్పాలి మీకు?" అని అక్క మైకు లాక్కుని మరీ అడిగింది. ఆ ఊపులో మా అధ్యక్షులు, రిటైరైన హెడ్మాస్టరు గారు, పిడికిలెత్తి మూడు నినాదాలిచ్చి నాలుగోదానికి కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడ్డారు.

ఇక ఊరుకోవడం భావ్యం కాదని ఆ సాయంత్రమే ఆరోగ్య పరిరక్షణ ఉపసంఘం వేశాం. "ఆసుపత్రి ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. ఆరోగ్యం పోతే వస్తుందా?" అని అధ్యక్షులవారు పడుకునే ప్రసంగించారు. చప్పట్లు కూడా నెమ్మదిగానే కొట్టాం.

రెండోరోజు నుంచి టెంటు గుమ్మంలో బల్ల వేసి కాంపౌండరుగారిని కూర్చోబెట్టాం. ఆయన ఆ ఆసుపత్రి కాంపౌండరే, మిషను కూడా ఆసుపత్రిదే. బీపీ నూటముప్పై దాటినవారు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవాలి, దాటనివారు లోపలికి వచ్చి నిరసన తెలపాలి. కాంపౌండరుగారు తన బీపీ మాత్రం చూసుకోలేదు. ఊడబోయే ఉద్యోగం ఆయనదే మరి.

నినాదాలు కూర్చునే ఇవ్వాలన్నాం. నినాదానికీ నినాదానికీ నడుమ పదిసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదలాలన్నాం. "ఆసుపత్రిని వెంటనే కాపాడాలి" అన్న బ్యానరులో "వెంటనే" అన్న మాట చూస్తే గుండె దడగా ఉందని సభ్యులొకరు ఫిర్యాదు చేయగా, దానిమీద తెల్లకాగితం అంటించాం. మధ్యాహ్నం అరగంట నవ్వే కార్యక్రమం పెట్టాం. మా నవ్వులకు ఆసుపత్రి కిటికీలోంచి రోగులు తొంగిచూసేవారు. వాళ్ళకూ కాస్త కాలక్షేపం.

కుట్టుమిషనక్కకు రెండోరోజు నూటఅరవై వచ్చింది. ఇంటికి పొమ్మన్నాం. "ఆసుపత్రి మూసేస్తుంటే బీపీ పెరగక తగ్గుతుందా అన్నయ్యా?" అని నామీద పడింది. ఆ మాట అనేలోపే నూటడెబ్బై అయింది. రోజూ వచ్చేది, రోజూ చెయ్యి చాపేది, రోజూ వెనక్కి పోయేది. ఒట్టిచేతులతో పంపామన్న అపవాదు రాకుండా ఆమెకు ఒక కరపత్రం ఇచ్చాం. ఎనిమిది గంటలు నిద్రపోవాలి, నీళ్ళు బాగా తాగాలి, మనసును బాధపెట్టే విషయాలు తలచుకోరాదు అని అందులో ఉంది. ఆమె దానిమీదే సుద్దముక్కతో ఎవరిదో జాకెట్టు కొలతలు రాసుకుంది. మనుషులకు మంచి చెప్పడం ఎంత కష్టమో చూడండి.

చిత్రమేమిటంటే, ఆ ఆసుపత్రి అవసరమున్న ప్రతివారికీ బీపీ ఎక్కువే వచ్చింది. వారం తిరిగేసరికి టెంటులో ఆ ఆసుపత్రి గడప ఏనాడూ తొక్కని నలుగురం మిగిలాం. ధర్నాలో అంత ప్రశాంతత నేనెక్కడా చూడలేదు.

ఎనిమిదోరోజున మూసివేత ఉత్తర్వు మీద సంతకం చేసిన ఆఫీసరుగారే అటుగా పోతూ, "ఏదీ, నాకూ చూడండి" అని చెయ్యి చాపారు. నూటపదిహేను! చంటిపిల్లాడి బీపీ! నియమం నియమమే కనుక లోపలికి ఆహ్వానించి ముందువరుసలో కుర్చీ వేశాం. ఆయన మైకు అందుకుని, "మిత్రులారా! సమస్యలు వస్తుంటాయి, పోతుంటాయి. ఆసుపత్రులూ అంతే. ఉత్తర్వు సంతకం చేసిన రాత్రి కూడా నేను తొమ్మిదింటికల్లా పడుకున్నాను. మీరూ అలవాటు చేసుకోండి" అన్నారు. అధ్యక్షులవారికి కళ్ళు చెమర్చాయి.

పదకొండోరోజు వినతిపత్రం ఇవ్వాలి. మా తరఫున వెళ్ళే ప్రతినిధి నిబ్బరమైన మనిషి అయివుండాలని తీర్మానించి, రోజూ బీపీలు రాసుకున్న పుస్తకం తిరగేస్తే, అందరికన్నా చక్కని బీపీ ఆఫీసరుగారిదే. ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఆయన మా వినతిపత్రం పట్టుకుని వీధిచివర తన ఆఫీసుకు వెళ్ళి, తన బల్లమీద పెట్టి, తానే అందుకుని, పావుగంటలో తిరిగొచ్చి, "చాలా మర్యాదగా తీసుకున్నారండీ" అని చెప్పారు. అంత మర్యాద మేం ఊహించలేదు.

పన్నెండోరోజు పొద్దున టెంటు విప్పుతుండగా కుట్టుమిషనక్క అత్తగారిని భుజానికి ఆనించుకుని వచ్చింది. గేటుకు తాళం. దాన్ని పట్టుకుని రెండుసార్లు గుంజింది. ఆ వాలకం చూసి కాంపౌండరుగారు ఆఖరిసారిగా మిషను తీశారు. రెండువందలు.

"అమ్మాయ్, ఇది మామూలు విషయం కాదు. ఉన్నపళంగా ఆసుపత్రికి వెళ్ళు!" అన్నారు అధ్యక్షులవారు.

"ఏ ఆసుపత్రికి మాస్టారూ?" అంది అక్క.

ప్రశ్న బాగానే ఉంది గానీ గొంతు హెచ్చుగా ఉండడంవల్ల దాన్ని పుస్తకంలో రాయలేదు. ముసలావిడే కోడలి చెయ్యి పట్టి లాగింది. "పద తల్లీ. పాపం, వాళ్ళ ఒంట్లో బాగుండాలిగా. ఎదురుగా నిలబడకు."

ఇద్దరూ బస్టాపుకు వెళ్ళారు. మొదటి బస్సు మెట్టుమీద ముసలావిడ కాలు పెట్టలేకపోయింది, బస్సు వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. మూడోది వచ్చేసరికి మేం అటువైపు వీపులు పెట్టి, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి వదలడం మొదలుపెట్టాం. అలాంటివి చూస్తే ఎవరికైనా బీపీ పెరుగుతుంది కదా.

వచ్చే సోమవారం నుంచి బడి మూసివేతపై ధర్నా ఉంది. మిషనును ఆసుపత్రి సామానుతోపాటు ఆఫీసరుగారికి అప్పగించేశాం కనుక ఈసారి ఎవరి బీపీ ఎంతో వాళ్ళు చెప్పిందే నమ్ముతాం. ఇదంతా చదువుతుంటే ఒళ్ళు మండినవారు దయచేసి ఇంటిపట్టునే ఉండండి. మండనివారు రండి, మీకోసం ముందువరుసలో, ఆఫీసరుగారి పక్కనే కుర్చీలు వేయించాం.