కెటిల్‌కు ఉన్ని మొలిచింది

చిత్రకారుడి భార్య ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త స్నానానికి వెళ్ళగానే డైనింగ్ టేబుల్ మీది నీలం కెటిల్ తీసుకోవాలి. రెండు కప్పుల టీ పెట్టుకోవాలి. ఆయన తల తుడుచుకునేలోగా దాన్ని కడిగి యథాస్థానంలో పెట్టేయాలి. టీ గిన్నె పిడి ముందురోజే ఊడిపోయింది మరి. సొంత ఇంట్లో సొంత కెటిల్‌ను దొంగిలించాల్సి రావడం ఆమెకు కొంచెం నామోషీగానే ఉంది గానీ, టీ గొంతులో పడకపోతే ఆమెకు తెల్లారినట్టే ఉండదు.

పన్నెండు రోజులుగా ఆ కెటిల్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. దాని పక్కనున్న రెండు ఆపిల్ పళ్ళనూ, మావగారి కళ్ళజోడునూ కూడా. వాటిని ఆమె భర్త తైలవర్ణాల్లో చిత్రిస్తున్నాడు. టేబుల్ ఆయన ఆక్రమించుకోవడంతో ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. ఊళ్ళోని పెద్ద గ్యాలరీలో ‘ఉన్నది ఉన్నట్టు’ అనే ప్రదర్శన జరగబోతోంది. గ్యాలరీ యజమానురాలు నెలాఖరుకు ఇంటికే వచ్చి బొమ్మ చూస్తానంది. ముప్పై ఏళ్ళుగా ఆ గ్యాలరీలోకి ఆయన ప్రేక్షకుడిగా వెళ్ళడమే తప్ప ఆయన బొమ్మ ఎన్నడూ వెళ్ళలేదు. ఈసారి కూడా కాదంటే కుంచెలు అటకెక్కించి, బావమరిది ఫ్లెక్సీల దుకాణంలో చేరతానని భార్యకు మాటిచ్చాడు. ఆ మాటిచ్చిన రోజు ఆయన అన్నం తినలేదు.

ఆయన పని చేసే తీరు వేరు. అరచేయంత చిల్లు చేసిన అట్టముక్కను ఒక కర్రకు బిగించి, ఒక కన్ను మూసుకుని, ఆ చిల్లులోంచి కనిపించినంత మేరే వేస్తాడు. రోజుకు ఒక్క చదరం, పై వరస నుంచి కిందికి. అయిపోయిన భాగం మీద తడి రంగుకు తగలకుండా తెర దించేస్తాడు. మొత్తం ఒక్కసారి చూస్తే మనసు లేనిపోనివి కల్పిస్తుందని ఆయన భయం. అందుకని గదిలోకి తల దించుకుని వెళ్ళి, తల దించుకునే బయటికి వస్తాడు.

“కంటికి కనిపించిందే వెయ్యాలి. కలలో వచ్చినవి వేసేవాళ్ళు డాక్టరుకి చూపించుకోవాలి,” అని సర్రియలిస్టులను తిట్టనిదే ఆయనకు ముద్ద దిగదు.

భార్య కెటిల్‌ను స్టవ్ మీద పెట్టగానే చెల్లెలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అక్కచెల్లెళ్ళ మాటలు రెండు నిమిషాల్లో తేలేవి కావు. తిరిగొచ్చేసరికి నీళ్ళన్నీ ఇగిరిపోయి, కెటిల్ అడుగంతా నల్లబడి, నీలం పూత పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. అటూ ఇటూ చూసి, మావగారి నీలం ఉన్నిటోపీని ఒక చెంబుకు తొడిగి, కెటిల్ ఉన్నచోట నిలబెట్టింది. కెటిల్ మూతా కొమ్మూ అప్పటికే బొమ్మలోకి ఎక్కేశాయి. మిగిలింది పొట్ట. పొట్టను ఎవరు పట్టించుకుంటారులే అనుకుంది.

సాయంత్రం భర్త వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమే, కెటిల్‌కి ఉన్ని ఉంటుందా?”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. “చూసే కంటిని బట్టి ఉంటుందండీ,” అంది.

ఆయన మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు దివ్యంగా ఉన్నాయన్నాడు డాక్టరు. అయితే తప్పు కెటిల్‌దేనని తీర్మానించుకుని, ఒక్కొక్క పోగూ లెక్కపెట్టి మరీ వేశాడు.

ఇక ఆయన తండ్రి సంగతి. కళ్ళజోడు లేక పెద్దాయన పేపరు తడుముకుంటూ చదువుతున్నాడు. ఆ వారమే పేపర్లో తన పాత స్నేహితుడి మరణవార్త చదివి, కంటతడి పెట్టుకుని వాళ్ళింటికి ఫోన్ చేస్తే, ఫోనెత్తింది ఆ స్నేహితుడే. ఆ అవమానంతో టేబుల్ దగ్గరికి వచ్చేసరికి తన టోపీ కనిపించింది.

“కళ్ళజోడు చాలదని టోపీ కూడా లాక్కున్నాడా!” అని మండిపడ్డాడు. చలికాలం దూరంగా ఉంది గనక టోపీని వదిలేసి, కళ్ళజోడు తీసుకుని, ఖాళీ కనిపించకుండా ఆ చోట తన కట్టుడు పళ్ళు పెట్టాడు. భోజనాల వేళకు ఎలాగూ తీసుకోవచ్చు.

“నాన్నా, మీ కళ్ళజోడు ఒకవైపు నన్ను చూసి నవ్వుతోంది,” అన్నాడు కొడుకు మర్నాడు బెంగగా.

“నవ్వనీరా. నువ్వు కొన్నదేగా, నిన్ను చూస్తే నవ్వు రాదూ!” అన్నాడు పెద్దాయన కళ్ళజోడును జేబులోకి తోసేస్తూ, బోసినోటితో.

కాలేజీ నుంచి వచ్చిన కూతురు టేబుల్ మీద టోపీనీ పళ్ళసెట్టునూ చూసి సంబరపడిపోయింది. “హమ్మయ్య, నాన్న మోడరన్ అయిపోయారు!” అనుకుని ఒక ఆపిల్ తినేసి, మర్యాదకు దాని స్థానంలో ఉల్లిపాయ పెట్టింది.

నెలాఖరున గ్యాలరీ యజమానురాలు వచ్చింది. చిత్రకారుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తెర లాగి, తనూ మొదటిసారి మొత్తం చూశాడు. పైన ఎనామిల్ మెరుపుతో మొదలైన కెటిల్ కింద ఉన్నిగా మారి వాలిపోతోంది. కళ్ళజోడు ఒక అద్దంలోంచి చూస్తూ రెండో వైపు ఇకిలిస్తోంది. ఆపిల్ పండుకు కింద ఉల్లివేళ్ళు మొలిచాయి. ఆయన నిలువునా నీరైపోయాడు.

“మావయ్యగారి టోపీ నేనే పెట్టానండీ!” అంది భార్య.

“పళ్ళు నావి,” అన్నాడు తండ్రి.

“ఉల్లిపాయ నేను,” అంది కూతురు.

యజమానురాలు వాళ్ళ మాటలేవీ వినడం లేదు. బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగింది. “‘ఉన్నది ఉన్నట్టు’ ప్రదర్శనకి ఇది పనికిరాదండీ,” అంది.

చిత్రకారుడికి కళ్ళ ముందు ఫ్లెక్సీల దుకాణం కనిపించింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి కూతురు చెయ్యి పట్టుకుంది.

“వచ్చే నెల ‘కలలు’ ప్రదర్శన పెడుతున్నాం. గుమ్మంలోంచి కనిపించే మొదటి గోడ దీనికే ఇస్తాను. ఇలాంటివి ఇంకో నాలుగు కావాలి. ఇంత గొప్ప కల ఎప్పుడొచ్చింది మీకు?”

“నాకు కలలు రావు మేడం. కనిపించిందే వేశాను.”

“అబ్బ! ఈ మాటే బొమ్మ కింద రాయిద్దాం,” అందావిడ.

మర్నాడు ఆయన టేబుల్ మీద జగ్గు, జామపండు, గొడుగు సర్ది, స్నానానికి వెళ్ళి గంటన్నర కావాలనే బయటికి రాలేదు. వచ్చి చూస్తే ఏదీ కదల్లేదు. ఇంట్లోవాళ్ళకు బుద్ధొచ్చింది. తండ్రి ప్రతి వస్తువు చుట్టూ సుద్దముక్కతో గీత కూడా గీసిపెట్టాడు.

“ఎవరైనా ఏదైనా తియ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది,” అని బతిమాలాడు ఆయన.

“ఛ ఛ, ఒకసారి చేసింది చాలదూ!” అంది భార్య లెంపలేసుకుంటూ. “మీ పనికి మళ్ళీ అడ్డమొస్తే ఒట్టు.”

పదో రోజున కూడా చిల్లులోంచి జామపండు జామపండులాగే కనిపించింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయనకు ఉన్నది ఉన్నట్టు ఉండటం నచ్చలేదు.